బడిదారి ఎవరి లెక్కలో ఉంది? పిల్లలు రోడ్డు దాటేచోట కాపలా గురించి

(ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో అంబేడ్కర్ జయంతి సందర్భంగా విద్యార్థులు, రైల్వే కార్మిక కుటుంబాలు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



జయంతి సభలో రిజర్వేషన్ల గురించి, రాజ్యాంగం గురించి మాట్లాడతారని అనుకుంటాం. నేను మాత్రం ఇవాళ ఒక చిన్న విషయం తీసుకున్నాను. బడికెళ్లే పిల్లలు రోడ్డు దాటేచోట ఒక మనిషిని కాపలా పెట్టాలా వద్దా, పెడితే ఎక్కడ పెట్టాలి, ఆ సంగతి ఎవరు తేలుస్తారు? ఇది ట్రాఫిక్ పోలీసుల విషయం కదా, అంబేడ్కర్ సభలో ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఈ విషయం రాజ్యాంగం దాకా వెళ్తుందని నా అభిప్రాయం. ఎలాగో చెప్తాను.

ముందు ఈ ఉద్యోగం సంగతి. చాలా దేశాల్లో బడి వేళకి రోడ్డు మీద ఒక మనిషి నిలబడతారు. చేతిలో ఆగమని చెప్పే పలక ఉంటుంది. అది చూపిస్తే బండ్లు ఆగాలి. పిల్లలు దాటాక మళ్లీ కదలాలి. బ్రిటన్‌లో దీనికోసం 1953లో ఒక చట్టమే చేశారు. అది 1954 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ పలక చూసి ఆగకపోతే నేరం. మన మోటారు వాహనాల చట్టంలో ఇలాంటి పోస్టు లేదు. పోలీసు వేళ్లే దిక్కు. ఈ రాష్ట్రంలో అయితే సివిక్ వాలంటీర్లు నిలబడతారు. వాళ్లు పోలీసుకి సాయం చేయాల్సినవాళ్లు, పర్మినెంట్ ఉద్యోగులు కారు. ఏ బడి ముందు నిలబడాలో పై నుంచి చెప్తారు. ఆ నిర్ణయం ఏ లెక్క ప్రకారం జరిగిందో ఆ బడి పిల్లల తల్లిదండ్రులకు తెలియదు.

బయటి దేశాల్లో లెక్క బయటికి చెప్తారు. ఆ లెక్క ఏమిటో చూద్దాం. ఇక్కడ ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు కాబట్టి కొంచెం అంకెల్లోకి వెళ్తాను. మిగతావాళ్లు విసుక్కోవద్దు, ఇది కిరాణా కొట్టు లెక్క కంటే కష్టం కాదు.

బ్రిటన్‌లో స్థానిక సంస్థలు వాడే సూత్రాన్ని పీవీ స్క్వేర్ అంటారు. పీ అంటే అత్యంత రద్దీగా ఉండే అరగంటలో దాటే పిల్లల సంఖ్య. వీ అంటే అదే అరగంటలో వచ్చే బండ్ల సంఖ్య. బండ్ల సంఖ్యను దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని పిల్లల సంఖ్యతో హెచ్చవేస్తారు. జవాబు 40 లక్షలు దాటితే అక్కడ కాపలా మనిషిని పెట్టడానికి అర్హత ఉన్నట్టు. అరవై మంది పిల్లలు, రెండొందల బండ్లు అనుకోండి. 24 లక్షలు వస్తుంది, చాలదు. అదే అరవై మందికి బండ్లు 260 అయితే 40 లక్షల 56 వేలు, సరిపోతుంది. మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది. దాటే పిల్లలు 15 మంది కంటే తక్కువైతే మామూలుగా ఆ చోటును పరిశీలించరు. రోడ్డు వంపు, వీధి దీపాలు, వేగం లాంటివాటికి ఆ తర్వాత కొంత కలుపుతారు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం నియమం వేరుగా ఉంది. సిగ్నల్ లేనిచోట, దగ్గర్లో దాటడానికి మరో రక్షిత స్థలం లేనప్పుడు, కనీసం 40 మంది పిల్లలు దాటే గంటలు రోజుకు రెండు ఉండి, ఆ గంటల్లో పట్టణంలో 350కి మించి బండ్లు వస్తుంటే పెద్దవాళ్లను కాపలా పెట్టవచ్చు. ఇంకొన్నిచోట్ల బండ్ల మధ్య ఖాళీని కొలుస్తారు. పిల్లలు దాటడానికి ఎన్ని సెకన్లు కావాలి, అంత ఖాళీ నిమిషానికి ఒకసారైనా దొరుకుతోందా అని చూస్తారు. నాకు వీటిలో ఈ మూడోది కాస్త మనిషి లెక్కలా అనిపిస్తుంది, ఎందుకంటే అది పిల్ల నడకతో మొదలవుతుంది.

మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన పాదచారుల మార్గదర్శకాల్లోనూ ఈ పీవీ స్క్వేర్ ఉంది. అది కాపలా మనిషి కోసం పెట్టింది కాదు, రక్షణతో కూడిన క్రాసింగ్ కోసం. మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద రద్దీ గంటలో జవాబు 10 కోట్లు దాటాలి. అంటే గంటకు వెయ్యి బండ్లుంటే వంద మంది దాటాలి. గంటకు 500 బండ్లే ఉంటే 400 మంది దాటాలి.

ఆ 500 బండ్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. గంటకు 3600 సెకన్లు. 500 బండ్లంటే సగటున ఏడు సెకన్లకు ఒకటి. మామూలు రెండు వరసల రోడ్డు ఏడు మీటర్ల వెడల్పు. చిన్నపిల్ల సెకనుకు సుమారు ఒక మీటరు నడుస్తుంది. దాటడానికి ఏడు సెకన్లు. అంటే సగటున ఒక బండికీ ఇంకో బండికీ మధ్య ఆ పిల్లకు మిగిలేది దాదాపు సున్నా. కానీ ఆమెతోపాటు ఇంకో 399 మంది రాకపోతే సూత్రం ప్రకారం అక్కడ సమస్య లేదు.

నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ సూత్రం తయారుచేసినవాళ్లు దుర్మార్గులు కారు. బండ్ల సంఖ్యను రెండుసార్లు హెచ్చవేయడం పిల్లల పక్షాన చేసిందే, బండ్లు పెరిగేకొద్దీ ప్రమాదం అంతకంటే వేగంగా పెరుగుతుందని ఒప్పుకోవడమే. డబ్బు తక్కువ, బడులు ఎక్కువ ఉన్నప్పుడు ఏదో ఒక కొలత కావాలి. కొలత లేకపోతే ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ల బడి ముందే మనిషి నిలబడతాడు. మన ఊళ్లలో ఇప్పుడు జరుగుతున్నది అదే. కాబట్టి నేను లెక్కకు వ్యతిరేకిని కాదు. లెక్కలో ఎవరు లేరని అడుగుతున్నాను.

ఇది గుణకారం. పీ సున్నా అయితే వీ ఎంత పెద్దదైనా జవాబు సున్నా. రోడ్డు ఎంత భయంకరమైతే అంత తక్కువ మంది పిల్లలు దాటుతారు. తల్లి కూలిపని మానుకుని చేయిపట్టి దాటిస్తుంది, లేదా అన్న సైకిల్ మీద చుట్టూ తిప్పి తీసుకెళ్తాడు, లేదా ఆడపిల్ల అయితే ఐదో తరగతి తర్వాత బడి మాన్పిస్తారు. వీళ్లెవరూ పీలో లేరు. లెక్కపెట్టే మనిషి రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆ రోడ్డుకు ఓడిపోయిన పిల్లలు అతనికి కనబడరు. అత్యంత ప్రమాదకరమైన రోడ్డు కాగితం మీద అత్యంత ప్రశాంతమైన రోడ్డుగా తేలుతుంది.

రెండోది, పీ తక్కువగా ఉండటం వెనుక కులం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరు ఒకచోట, వాడ ఒకచోట. బడి, పంచాయితీ ఆఫీసు, రేషన్ కొట్టు ఊళ్లో ఉంటాయి. వాడకీ ఊరికీ మధ్య దూరం పెట్టింది కులం. చాలాచోట్ల ఆ దూరంలోంచే రోడ్డు వెళ్తుంది. మన సొంతూళ్ల పక్కనుంచి వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారే ఇక్కడ ఖరగ్‌పూర్ పక్కనుంచీ వెళ్తోంది. అది రెండు వరసల నుంచి నాలుగు వరసలైంది. వాడ నుంచి దాటే పిల్లలు పన్నెండు మందే అంటే, పదిహేను కాలేదు కాబట్టి వాళ్లకు కాపలా అక్కర్లేదని సూత్రం చెప్తుంది. వాడ చిన్నది, అందుకే పీ చిన్నది. వాడను విడిగా, చిన్నగా ఉంచినవాళ్ల బాధ్యత ఈ లెక్కలో ఎక్కడా లేదు.

ఇప్పుడు మన సొంత లెక్క ఒకటి చెప్తాను. ఇది రైల్వే ఊరు కదా. రైలు గేటు దగ్గర గేట్‌మన్‌ను పెట్టాలా వద్దా అని రైల్వే ఎలా తేలుస్తుందో ఇక్కడి పెద్దల్లో చాలామందికి తెలుసు. దాన్ని టీవీయూ అంటారు, ట్రెయిన్ వెహికిల్ యూనిట్. రోజుకు ఎన్ని రైళ్లు, ఎన్ని బండి యూనిట్లు అని లెక్కేసి హెచ్చవేస్తారు. ఇంజినీరింగ్ మాన్యువల్ ప్రకారం రైలుకు ఒక యూనిట్, మోటారు బండికి ఒకటి, ఎడ్ల బండికి ఒకటి, సైకిల్ రిక్షాకూ ఆటోకూ అర. నడిచి దాటే మనిషికి యూనిట్ లేదు. ఎద్దుకు లెక్కుంది, పుస్తకాల సంచీ మోసే పిల్లకు లెక్క లేదు. గేటు బండ్ల కోసం కదా అంటారు, నిజమే. కానీ నడిచేవాళ్ల కోసం వేరే లెక్క ఎక్కడుందో కూడా చెప్పాలి కదా.

ఈ లెక్క ఫలితం మన తెలుగు నేల చూసింది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు మీద స్కూలు బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ గుద్దింది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందే, 2012లో, అనిల్ కాకోద్కర్ కమిటీ దేశంలో లెవెల్ క్రాసింగులన్నీ ఐదేళ్లలో తీసేయాలని రైల్వేకు రిపోర్టు ఇచ్చింది. చివరికి 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నీ ఎత్తేశారు. అంటే తలచుకుంటే చేయగలరు. దేశం మొత్తం మీద వేల గేట్లు కొన్నేళ్లలో పోయాయి. డబ్బు లేదు, మనుషులు లేరు అనే మాట ఎంతవరకు నిజమో ఇక్కడ తెలుస్తోంది.

కోల్‌కతాలోనూ ఇదే జరిగింది. 2023 ఆగస్టు 4 ఉదయం బేహాలాలో డైమండ్ హార్బర్ రోడ్డు మీద బడికి వెళ్తున్న రెండో తరగతి పిల్లవాణ్ణి లారీ చంపేసింది. జనం రోడ్డెక్కారు, పోలీసు బండి తగలబడింది. ఆ తర్వాతే బడి వేళల్లో లారీలు ఆపడం, పోలీసుల్ని నిలబెట్టడం మొదలైంది. కొలత లేనిచోట శవమే కొలత అవుతోంది. ఏ బిడ్డ శవానికి ఊరు కదులుతుంది, ఏ బిడ్డ శవానికి కదలదు అన్నది మళ్లీ కులం, వర్గం తేలుస్తాయి.

ఇక రోడ్డుకీ కులానికీ సంబంధం ఏమిటన్న ప్రశ్న. మన ఉద్యమ చరిత్రలో సగం నడక గురించే. పీష్వాల పూనాలో అంటరానివాడు వీధిలో నడవడానికి పెట్టిన ఆంక్షల్ని బాబాసాహెబ్ 1936 నాటి ‘కుల నిర్మూలన’లో గుర్తుచేశారు. 1924లో వైకోంలో జరిగింది గుడిలోకి వెళ్లడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. సావిత్రిబాయి ఫూలే బడికి నడిచివెళ్తుంటే మీద పేడ, బురద విసిరేవాళ్లు. ఆమె సంచీలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేది. మన దేశంలో ఆడపిల్లల చదువు కథ బడి గదిలో మొదలవలేదు, బడిదారిలో మొదలైంది.

అమెరికా నల్లజాతి పిల్లల కథా అంతే. బ్రౌన్ కేసు గురించి న్యాయశాస్త్రం చదివేవాళ్లంతా చదువుతారు. 1954 మే 17న వచ్చిన ఆ తీర్పు వెనుక కాన్సాస్ రాష్ట్రం టొపీకా పట్నంలో ఒక చిన్నపిల్ల ఉంది. లిండా బ్రౌన్. ఇంటికి ఏడు వీధుల దూరంలో తెల్లపిల్లల బడి ఉంది. ఆమె మాత్రం నల్లపిల్లల బడికి బస్సు అందుకోవడానికి రైల్వే యార్డు దాటుకుంటూ నడిచేది. పట్టాలు దాటి బడికెళ్లే పిల్ల అంటే ఏమిటో ఖరగ్‌పూర్‌లో ఎవరికీ వివరించక్కర్లేదు. ఆ తండ్రి కోర్టుకు తీసుకెళ్లిన కష్టంలో ఆ దారి ఉంది.

మన రాజ్యాంగంలో ఈ మాట ఇంకా స్పష్టంగా ఉంది. 15వ అధికరణం రెండో క్లాజు చదవండి. ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాలు, వీటి వాడకంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా ఎవరినీ అడ్డుకోకూడదు. బావి, చెరువు గురించి మనం చాలా మాట్లాడాం, మహాడ్ గురించి ఏటా మాట్లాడతాం. రోడ్డు గురించి తక్కువ మాట్లాడాం. బాబాసాహెబ్‌ను 1946లో రాజ్యాంగ సభకు ఎన్నుకుని పంపింది జోగేంద్రనాథ్ మండల్ లాంటి వాళ్లున్న ఈ బెంగాలే అని కూడా గుర్తుపెట్టుకుందాం. 2025 మేలో సుప్రీంకోర్టు, పాదచారికి ఫుట్‌పాత్ ఉండటం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. 15నీ 21నీ కలిపి చదివితే, బడికి నడిచే పిల్ల రోడ్డు దాటడం ఎవరో దయతలచి ఇచ్చేది కాదు.

ఇప్పుడు రోడ్డు మీద ఎవరినీ కులం అడిగి ఆపడం లేదు కదా అంటారు. నిజమే, లారీ కులం అడగదు. కానీ లారీ ముందు ఎవరు నడుస్తున్నారన్నది కులం తేలుస్తుంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడుస్తూ చనిపోయినవాళ్లు. వయసు, ఆడ మగ, ఏ బండి, ఏ రోడ్డు, మబ్బా ఎండా, అన్నిటికీ ఆ రిపోర్టులో పట్టికలున్నాయి. కులానికి పట్టిక లేదు. బ్రిటన్‌లో ఇలాంటి లెక్క తీశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పిల్లల మరణాల మీద 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం, పై స్థాయి ఉద్యోగుల పిల్లలతో పోలిస్తే, ఎప్పుడూ పని దొరకని లేదా చాలాకాలంగా పని లేని తల్లిదండ్రుల పిల్లలు నడుస్తూ బండి కింద పడి చనిపోయే రేటు 20 రెట్లకు పైగా ఉందని తేల్చింది. 2015లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చేసిన ప్రయోగంలో, జీబ్రా చారల దగ్గర నిలబడ్డ నల్లజాతి మనిషిని తెల్లమనిషి కంటే రెట్టింపు బండ్లు ఆగకుండా దాటిపోయాయని, అతను 32 శాతం ఎక్కువసేపు ఆగాల్సి వచ్చిందని తేలింది. ఇక్కడ అలాంటి పరిశోధన ఎవరు చేయాలి? ఈ హాల్లో కూర్చున్న పీహెచ్‌డీ విద్యార్థులే చేయాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఖరగ్‌పూర్‌లో ఒక రోడ్డు దాటడమంటే ఎంతమంది యజమానుల మధ్యనుంచి దాటడమో చూడండి. 1900 ప్రాంతంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టి ఊరు కట్టింది. ఆ కాలనీల రోడ్లు రైల్వేవి. 1951లో ఐఐటీ వచ్చింది, దాని ప్రహరీ లోపల దానివే రోడ్లు. 1954లో మునిసిపాలిటీ ఏర్పడింది, మిగతా బస్తీల సందులు దానివి. పెద్ద రోడ్లు రాష్ట్ర పీడబ్ల్యూడీవి, హైవే జాతీయ రహదారుల సంస్థది. ట్రాఫిక్ జిల్లా పోలీసులది. పట్టాల మీద నిలబడేది రైల్వే పోలీసు. పిల్లకు మాత్రం ఇంటి నుంచి బడి దాకా ఒకటే దారి. మేం కొందరం ఒకసారి ఒక మలుపు దగ్గర బడి వేళకి మనిషిని పెట్టమని అర్జీ పట్టుకుని తిరిగాం. మొదటి ఆఫీసులో ‘ఈ రోడ్డు మాది కాదు’ అన్నారు. రెండో ఆఫీసులో ‘రోడ్డు మాదే, మనుషులు మా వాళ్లు కారు’ అన్నారు. మూడోచోట ‘మనుషులున్నారు, పై నుంచి ఆర్డరు లేదు’ అన్నారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు. ముగ్గురూ చెప్పింది నిజమే అయ్యుంటుంది కూడా. మలుపు మాత్రం అలాగే ఉంది. టోటోలు, మోటారు సైకిళ్లు, ఇసుక ట్రాక్టర్లు, వాటి మధ్య పిల్లలు.

పట్టాల దగ్గర ఇంకో చిక్కుంది. గేటు లేనిచోట పట్టాలు దాటితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. కాలనీ ఒకవైపు, బడి ఒకవైపు, మధ్య పట్టాలు పెట్టి, దగ్గర దారిన వెళ్లిన పిల్లను చట్టం అక్రమంగా చొరబడ్డ మనిషి అంటుంది. రోడ్డు మీద ఆ పిల్ల లెక్కలో లేదు, పట్టాల మీద నేరస్తుల లెక్కలో ఉంది.

ఈ ఊళ్లో మన తెలుగువాళ్లు ఎవరు? పట్టాలు వేసినవాళ్లు, పట్టాలు సరిచేసినవాళ్లు, వర్క్‌షాపులో ఇనుము మోసినవాళ్లు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో బాబాసాహెబ్ మాట్లాడుతూ, అంటరాని కార్మికుడు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ముగుస్తున్నాడని, పోర్టరుగా కూడా తీసుకోరని చెప్పారు. ఎందుకంటే స్టేషన్ మాస్టర్ పోర్టరు చేత ఇంటి పనులు చేయించుకుంటాడు, అంటరానివాణ్ణి ఇంట్లోకి రానివ్వడు. వర్క్‌షాపుల్లోనూ కూలీగానే ఉంచుతారని చెప్పారు. రైలు క్షేమంగా వెళ్లడానికి ఎండలో నడిచి పట్టాలు చూసినవాడు మన తాత. ఆ తాత మనవరాలు క్షేమంగా రోడ్డు దాటడానికి ఎవరూ లేరు. 1927 సమ్మె గురించి, వి.వి. గిరి గురించి ఇక్కడ గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ కార్మికుడి పిల్లలు బడికెళ్లే దారి మన డిమాండ్ల పత్రాల్లో ఎప్పుడైనా మొదటి పేజీలో ఉందా అని కూడా అడుగుదాం.

మరి ఏం చేయాలి? రెండు దారులు చెప్తాను. ఒకటి చట్టంలో ఉంది, రెండోది జపాన్‌లో ఉంది.

2009 విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల్లో ఆరో నియమం చూడండి. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు కిలోమీటరు నడక దూరంలో, ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు మూడు కిలోమీటర్లలో బడి ఉండాలి. ఇది అందరికీ తెలుసు. దాని కిందే ఇంకో మాట ఉంది. ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉంటే, ఆ ప్రమాదం తప్పేలా దూరాన్ని తగ్గించి బడి పెట్టాలి. అంటే దారి ప్రమాదకరంగా ఉందా లేదా అని చూడటం విద్యాశాఖ పని కూడా. బడి గేటు దగ్గర ప్రభుత్వ బాధ్యత మొదలవుతుందనే వాదన ఈ నియమం ముందు నిలబడదు.

జపాన్‌లో ప్రతి బడికీ నిర్ణయించిన బడిదారి ఉంటుంది. 2012లో కామెయోకా అనే ఊళ్లో బడికెళ్తున్న పిల్లల వరస మీదికి కారు దూసుకెళ్లింది. ఆ తర్వాత దేశమంతటా బడివాళ్లు, పోలీసులు, రోడ్డు యజమాని కలిసి బడిదారులు నడిచి చూశారు. సుమారు 74 వేల చోట్ల ఏదో ఒకటి సరిచేయాలని రాసుకున్నారు. ఇక్కడ ఎంత మంది దాటుతున్నారన్నది మొదటి ప్రశ్న కాదు. ఈ దారిన వచ్చే పిల్ల ఎక్కడెక్కడ ఆగిపోతోందన్నది మొదటి ప్రశ్న. ముగ్గురూ ఒకేసారి ఒకేచోట నిలబడితే, మాది కాదు అనే మాటకు చోటుండదు. ఐదారుగురు యజమానులున్న ఖరగ్‌పూర్‌కు ఇంతకంటే పనికొచ్చే పద్ధతి నాకు కనబడలేదు.

అదే జపాన్‌లో టోక్యో నగరం 1959లో బడి దగ్గర రోడ్డు దాటించే ఉద్యోగాలు పెట్టినప్పుడు, భర్త లేని తల్లులకు పని కల్పించడం కూడా అందులో ఉద్దేశం. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. రేపు మన దగ్గర ఇలాంటి పోస్టు వస్తే, ఎండలో నిలబడే పని కాబట్టి మన వాడల్లోని ఆడవాళ్లనే పిలుస్తారు. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఒప్పందం అంటారు. పారిశుధ్య పనిలో ఏం జరిగిందో చూశాం. అందుకని మనం అడిగేది కాపలా మనిషి మాత్రమే కాదు. నియామకపు ఉత్తర్వు, శిక్షణ, బండి ఆపే చట్టబద్ధమైన అధికారం, బీమా, అన్ని కులాల నుంచి రిజర్వేషన్ పాటించి భర్తీ. బండి నడిపేవాడు తను ఆపిన మనిషిని చూసి ఎవర్రా నువ్వు అనకుండా ఉండాలంటే, ఆ చేతిలో పలకతోపాటు చట్టం ఉండాలి.

కాపలా మనిషి ఒక్కడే అన్నిటికీ మందు అని నేను అనడం లేదు. ముందు వేగం తగ్గాలి. రాయల్ హాలోవే కాలేజీ పరిశోధకులు 2011లో చూపించినదేమిటంటే, ప్రైమరీ వయసు పిల్లల కంటికి గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటి వచ్చే బండి దగ్గరికొస్తున్న సంగతి సరిగా అందదు. చూసుకుని దాటమని తల్లి చెప్తుంది, పిల్ల చూస్తుంది కూడా, కానీ ఆ కన్ను ఇంకా పెరగలేదు. అందుకని జాగ్రత్త పాఠాలు పిల్లకు చెప్పి వదిలేయడం న్యాయం కాదు. ఫుట్ ఓవర్‌బ్రిడ్జి కడతాం అంటే, మెట్లెక్కాల్సిన భారం మళ్లీ నడిచేవాళ్ల మీదే పడుతుంది. రోడ్డు కదలకుండా మనిషి వంగడం మనకు పాత అలవాటు. ఆ అలవాటు మానాలి.

చివరిగా విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో తాల్‌బగీచా నుంచి మొదలుపెట్టండి. ప్రతి బడికీ వచ్చే దారులు గీయండి. నాలుగు గడుల కాగితం చాలు. మొదటి గడిలో, దాటిన పిల్లలు. రెండో గడిలో, బండ్లు, వాటి మధ్య దాటడానికి సరిపడే ఖాళీలు ఎన్ని. మూడో గడి ముఖ్యమైనది, దాటని పిల్లలు. దీనికి రోడ్డు పక్కన కూర్చుంటే సరిపోదు, ఇంటింటికీ వెళ్లాలి. ఎవరు చేయిపట్టి దాటిస్తున్నారు, దానివల్ల ఆమె ఎన్ని గంటల కూలి పోగొట్టుకుంటోంది, ఎవరు బడి మార్చారు, ఎవరు మానేశారు అని అడగాలి. నాలుగో గడిలో, ఆ చోటు యజమాని ఎవరు. తెలియకపోతే సమాచార హక్కు కింద అడగండి. 2020 డిసెంబరులో ఈ రాష్ట్ర ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా హోదా ఇచ్చింది కదా, అర్జీ తెలుగులోనూ పెట్టండి, బంగ్లాలోనూ పెట్టండి. తెలుగు పిల్లలూ, బంగ్లా పిల్లలూ, ఒడియా పిల్లలూ, ఆదివాసీ పిల్లలూ దాటేది ఆ ఒక్క రోడ్డే. ఐఐటీలో రవాణా ఇంజినీరింగ్ చదివే మిత్రులు ఈ మూడో గడిని సూత్రంలోకి ఎలా తేవాలో చూడండి. పీ దగ్గర దాటిన పిల్లల్ని కాదు, దాటాల్సిన పిల్లల్ని రాయండి. అప్పుడు జవాబు మారుతుంది. ఆ మారిన జవాబు పట్టుకుని మునిసిపాలిటీకి, డీఆర్‌ఎం ఆఫీసుకు, పోలీసులకు, విద్యాశాఖకు ఒకేరోజు వెళ్దాం. నలుగురినీ ఆ మలుపు దగ్గరికే రమ్మందాం, బడి వదిలే వేళకి.

చదువు, సంఘటితం, పోరాటం అని గోడల మీద రాసుకుంటాం. చదువు దాకా వెళ్లాలంటే ముందు రోడ్డు దాటాలి. ఆ రోడ్డు దాటించే బాధ్యత ఎవరిదో తేలేదాకా మన పిల్లల చదువు హక్కు బడి ఎదురుగా ఆగి ఉన్నట్టే.

జై భీమ్.